మా ఈదిలో ఫారినోళ్ళు నేరు

రిటైరైన పోలీసువాడు జ్ఞాపకాలు రాస్తున్నాడంటే దొంగల్ని పట్టిన కథలుంటాయని మీరు ఆశపడతారు. నా దగ్గర అవి లేవు. మొత్తం సర్వీసులో నేను పట్టుకున్న దొంగ ఒక్కడే. వాడు కూడా మా క్వార్టర్సులో నా సైకిలే ఎత్తుకుపోతూ, చైను ఊడి, నా కాళ్ళ దగ్గరే పడ్డాడు. ఆ చైను నేను ఆరు నెలలుగా బాగుచేయించుకోకుండా బద్ధకించాను గనక, ఆ కేసులో నా గొప్పతనం ఎంతో మీరే లెక్కేసుకోండి.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి, "మీ అనుభవం ఏదైనా చెప్పండి సార్" అంటుంటారు. మంచి పనులు చెబితే నమ్మరు. నమ్మినా అందులో నేర్చుకునేదేమీ ఉండదు. అందుకని నా సర్వీసులోకెల్లా పెద్ద తప్పు చెబుతున్నాను. అది ఒక్క వాక్యం. రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. దిద్దడానికి నెలలు పట్టింది.

నేను ఆనందపురం దగ్గర పల్లెలో రైతు కుటుంబంలో పుట్టి, కానిస్టేబులుగా విశాఖపట్నం వచ్చినవాణ్ణి. హెడ్ కానిస్టేబులయ్యాక ఇరవై ఏళ్ళ పాటు విచారణల మీదే తిరిగాను. పాస్‌పోర్టుకి దరఖాస్తు చేసినవాళ్ళు నిజంగా ఆ ఇంట్లోనే ఉంటున్నారా, మంచివాళ్ళేనా అని కనుక్కుని రాయడం నా పని. చివరి మూడేళ్ళు మాత్రం విదేశీయుల కాయితాలు చూసే సెక్షన్‌లో వేశారు. సెక్షనంటే రెండు బల్లలు, మూడు బీరువాలు, శబ్దం ఎక్కువ గాలి తక్కువ ఇచ్చే ఒక ఫ్యాను. రేవు ఊరు గనక రకరకాల మనుషులు వచ్చేవారు. ఓడ దిగి ఆస్పత్రిలో పడిన నావికులు, ఉక్కు కర్మాగారాల్లో యంత్రాలు బిగించడానికి వచ్చిన ఇంజనీర్లు, యూనివర్సిటీలో చదువుకునే ఆఫ్రికా పిల్లలు. ఎవరొచ్చినా మేము అడిగేవి మూడే ప్రశ్నలు: ఎక్కడుంటారు, ఎన్నాళ్ళుంటారు, ఎందుకుంటారు. నన్నెవరైనా ఆ మూడూ అడిగితే రెండోదానికీ మూడోదానికీ జవాబు చెప్పలేనన్న సంగతి అప్పట్లో నాకు తోచలేదు.

విచారణలో నాకొక పద్ధతి ఉండేది. యూనిఫాం వేసుకోకూడదు. మనిషి గురించి ఆ మనిషిని అడక్కూడదు. వీధి చివర టీ కొట్టునీ, ఇస్త్రీ బండినీ, మంగలి షాపునీ అడగాలి. ఏదో కాలక్షేపానికి అడిగినట్టు అడగాలి. జూనియర్లు దీన్ని హెడ్డు గారి ఫార్ములా అనేవారు. నేనూ మీసం మీద చెయ్యేసుకొని తిరిగేవాణ్ణి.

ఆ సెక్షన్‌కి వెళ్ళిన రెండో నెలలో ఒక ఫైలు వచ్చింది. వియత్నాం దేశస్థురాలు. కంచరపాలెం అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. అతను ఓడల్లో ఇంజిను మెకానిక్కు. ఒకసారి అతని ఓడ రిపేరుకని వియత్నాం రేవులో నాలుగు నెలలు ఆగిపోయింది. ఆ రేవు గేటు ముందు ఈమె అన్నం, చేపలు అమ్మేది. నాలుగు నెలలు ఒకే చోట భోంచేసినవాడు ఏమవుతాడో అదే అయ్యాడు. పదేళ్ళుగా కంచరపాలెంలో అత్తగారితో ఉంటోంది, ఏటేటా వీసా పొడిగించుకుంటోంది, ఇప్పుడు భారత పౌరసత్వం కావాలని దరఖాస్తు పెట్టుకుంది. ఆమె నిజంగా ఆ ఇంట్లో ఉంటోందో లేదో, నడవడిక ఎలాంటిదో నేను రాయాలి. పొడిగింపుల పనంతా నాకు ముందున్న హెడ్డు గారే చూసేవారు. ఆయన రిటైరై తగరపువలసలో కొబ్బరి మొక్కలకి నీళ్ళు పోసుకుంటున్నారు. నేనామెను ఎన్నడూ చూడలేదు.

ఫైల్లో ఫోటో ఉంది. అయితే అది జిరాక్సుకి తీసిన జిరాక్సు. మొహం ఉండాల్సిన చోట కాల్చిన వంకాయ ఉంది. మడిచి జేబులో పెట్టుకున్నాను.

సాయంత్రం కంచరపాలెం వెళ్ళాను. అక్కడ ఇళ్ళ నంబర్ల సంగతి తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఒక్కో గుమ్మం మీద పాత నంబరొకటి, కొత్త నంబరొకటి, ఎవరో ఎప్పుడో సున్నంతో రాసిపోయిన నంబరొకటి. చివరికి ఇల్లు దొరికింది, తాళం వేసి ఉంది. మంచిదే అనుకున్నాను. నా ఫార్ములాకి తాళం వేసిన ఇల్లే శ్రేష్ఠం.

వీధి మొదట్లో, రైలు పట్టాలకి దగ్గరగా ఒక బజ్జీల బండి ఉంది. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దావిడ విసనకర్ర పట్టుకుని, వచ్చేపోయేవాళ్ళందరి మీదా పెత్తనం చేస్తోంది. బాణలి ముందు ఒక నడివయసు ఆడమనిషి, నైటీ మీద తువ్వాలు వేసుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని, బజ్జీలు వేస్తోంది. మొహం చూస్తే చిన్న కళ్ళు, గుండ్రటి చెంపలు. బర్మా క్యాంపు పక్కనే గదా, అక్కడివాళ్ళ మనవరాళ్ళలో ఒకతె అనుకున్నాను. రంగూన్ నుంచి తిరిగొచ్చిన మనవాళ్ళు, వాళ్ళు వెంట తెచ్చుకున్న కోడళ్ళు ఆ చుట్టుపక్కల కాపురాలుంటున్నారు. అక్కడ ఆ మొహం ఎవరికీ వింత కాదు. నాకసలే కాదు. మా నాయనమ్మ పుట్టిందే రంగూన్‌లో. చచ్చిపోయేదాకా ఏ కూర వండినా, "రంగూన్లో ఈ రుసి నేదురా" అని ఏడిపించేది. ఆవిడ ఏ దేశస్థురాలని నేను ఎన్నడూ ఆలోచించలేదు. నాయనమ్మకి దేశమేమిటి?

"ఏటి బాబూ, మిరపకాయా, అరిటికాయా?" అంది పెద్దావిడ.

"మిరపకాయ ఆరెయ్యమ్మా," అన్నాను. రెండు తిన్నాక, ఆకాశం వైపు చూస్తూ, ఫార్ములా ప్రకారం అడిగాను. "ఈ ఈదిలో ఎవరో ఫారినామె ఉంటాదంట గదా?"

విసనకర్ర ఆగింది. "ఫారినామా? ఏ ఫారినామె?"

"ఎవరో ఓడల్లో పన్జేసేవోడి పెళ్ళామంట."

"ఓడల్లో పన్జేసేవోలు ఈ ఈదిలో పదిమందున్నారు. ఆల పెళ్ళాలందరూ తగరపువలస, బీమిలి పిల్లలే. ఫారినోళ్ళు నేరు."

బాణలి ముందున్నామె వైపు తిరిగాను. "నీకేటైనా తెల్సా అమ్మా?"

ఆమె తల ఎత్తలేదు. జల్లిగరిటెతో బజ్జీలు తిరగేస్తూ గడగడా అనేసింది. "ఫారినోళ్ళకి ఈ దోమల్లో ఏటి పని బాబూ? ఏ రుషికొండ బీచి కాడో ఉంటారు గానీ! మా ఈదిలో ఫారినోళ్ళు నేరు. ఉల్లిపాయ జల్లీమంటారా?"

జల్లమన్నాను. ఆ తర్వాత మంగలి షాపులో అడిగాను. "ఫారినోళ్ళా? నేరు." ఇస్త్రీ బండి దగ్గర అడిగాను. "నేరు బావా." కిరాణా కొట్టులో అడిగాను. "ఎవులు సెప్పేరు? నేరు." ఒక వీధి మొత్తం ఒకే మాట మీద నిలబడడం నా ఇరవై ఏళ్ళ విచారణల్లో ఎప్పుడూ చూడలేదు. కుళాయి నీళ్ళు ఎన్నింటికి వస్తాయని అడిగినా కంచరపాలెంలో నాలుగు జవాబులొస్తాయి. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. బజ్జీలు బాగుండడం వల్ల రాలేదు.

మర్నాడు నా గుండ్రటి అక్షరాలతో రాశాను: "సదరు విదేశీయురాలు సదరు చిరునామాలో నివసించుట లేదని స్థానిక విచారణలో నిస్సందేహంగా తేలినది." నిస్సందేహంగా అన్న మాట రూల్సులో లేదు. అది నేను సొంతంగా చేర్చిన నగ.

మా ఇన్‌స్పెక్టర్ గారిది కృష్ణా జిల్లా వైపు. మాటా కాయితమూ రెండూ ఇస్త్రీ చేసినట్టుండే మనిషి. "రిపోర్టంటే ఇలా ఉండాలి హెడ్డు గారూ, గోడ కట్టినట్టు!" అని మెచ్చుకుని సంతకం చేశారు. ఫైలు కలెక్టరాఫీసుకి వెళ్ళిపోయింది.

మూడు వారాలకి ఒక ఉదయం మా సెక్షన్ బయట పెద్ద గొంతు వినిపించింది. "ఎవడు బాబూ రాసినోడు? నా కోడలు నా ఇంట్లో ఉండడం నేదని ఎవడు రాసేడు? పదేళ్ళుగా నా పక్కలోనే పడుకుని గురక పెడతాది, మరెవులింట్లో ఉంటాదనుకున్నాడు ఆ రాసినోడు?"

ఆ గొంతు ఎక్కడో విన్నాననుకుంటుండగానే పెద్దావిడ లోపలికొచ్చింది. చేతిలో కలెక్టరాఫీసు నోటీసు. వెనకాల, ఆ రోజు బాణలి ముందు చూసినామె. ఇవాళ గంజిపెట్టిన చీర కట్టుకుంది. నన్ను చూడగానే కళ్ళు పెద్దవి చేసి, అత్తగారి మోచెయ్యి పట్టుకుంది.

"అత్తా, ఆరు మిరపకాయల బాబు గదా!"

"అవునే! సట్నీ రెండుసార్లు అడిగేడు!"

బల్ల సొరుగులో పడేసిన కాల్చిన వంకాయ తీసి చూశాను. అప్పుడు కనపడింది, అదే గుండ్రటి చెంప. చంకలో పిల్లని పెట్టుకొని ఊరంతా వెతికినట్టని మనవాళ్ళు ఊరికే అనలేదు. పైగా నేను ఆ పిల్ల చేతి బజ్జీ తింటూ వెతికాను.

నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే పోలీసువాడికి వచ్చేది కోపమే. "మరి ఆ రోజు లేరని ఎందుకు చెప్పేరు? వీధి వీధంతా అబద్ధమాడేరే!" అని అరిచాను.

పెద్దావిడ ఏమీ తగ్గలేదు. "మరేటి సేత్తాం? టీవీలో ఏదో ఊళ్ళో ఈసా అయిపోనోళ్ళని ఇమానం ఎక్కించీసి తోలేత్తన్నారని సూపించేరు. అదిగో ఆ మర్నాడే నువ్వొచ్చీసేవు. పేరడగవు, ఊరడగవు, ఫారినోళ్ళున్నారా అంటావు. ఎవులొచ్చి అడిగినా నేరని సెప్పాలని ఈదంతా ముందే అనుకున్నాం. నువ్వు పోలీసని నుదుటి మీద రాసుందేటి?"

రాసి లేదు. రాసి ఉండకూడదన్నదే నా ఫార్ములా.

ఇక మీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. ప్రభుత్వంలో తప్పు రాయడం తేలిక, తప్పని రాయడం కష్టం. ఇన్‌స్పెక్టర్ గారు నా మాట విని, కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశారు. "గోడ కట్టినట్టు రాశారు గదండీ. ఇప్పుడా గోడ మీ మీదే పడుతుంది, పక్కనున్న నా మీదా పడుతుంది" అన్నారు. కలెక్టరాఫీసులో విచారణకి తేదీ వేశారు. ఆమె సాక్షులతో రావాలి. నేనూ హాజరై నా రిపోర్టు గురించి చెప్పాలి.

మా సెక్షన్‌లో రికార్డులు రాసే కానిస్టేబులు, అంటే మా రైటరు, నా కంటే పదేళ్ళు చిన్న, తెలివిలో ఇరవై ఏళ్ళు పెద్ద. టీ తాగుతూ నాకొక దారి చూపించాడు. "బావా, ఇంత ఆలోచనేటి? నువ్వెల్లినప్పుడు ఆమె అక్కడ నేదు, మొన్నే కొత్తగా ఒచ్చి చేరిందని సెప్పీ. నీ రిపోర్టు నిలబడతాది. ఆమెకీ ఇల్లుంటాది. ఎవులికీ నట్టం నేదు."

నష్టం ఉంది. అదేమిటో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. పెళ్ళి మీద పౌరసత్వం అడగాలంటే ఏడేళ్ళు ఇక్కడే కాపురమున్నట్టు తేలాలి. మొన్నే వచ్చిందని నేనంటే ఆ పదేళ్ళూ గంగలో కలిసినట్టే, మళ్ళీ ఒకటి నుంచి లెక్క పెట్టుకోవాలి. పోనీ అసలు నిజం చెబితే నాకు మెమో వస్తుంది, రిటైరయ్యే ముందు సర్వీసు పుస్తకంలో మచ్చ పడుతుంది.

దాచకుండా చెబుతున్నాను. రెండు రోజుల పాటు రైటరు చూపించిన దారి నాకు చాలా నచ్చింది. ఏడేళ్ళెంతలో గడుస్తాయి అని కూడా అనుకున్నాను. ఎవరి ఏడేళ్ళు వాళ్ళకి పెద్దవి, పక్కవాళ్ళవి ఎప్పుడూ చిన్నవే.

మూడో రోజు అన్నం తింటూ మా ఆవిడకి చెప్పాను. ఆవిడ చారు గరిటె పట్టుకుని, పోయకుండా నా వైపు చూసింది.

"ఆరు బజ్జీలు తినీసి, ఆ పిల్లకి ఏడేళ్ళు సిచ్చేత్తారేటండి?"

ఆ రోజు నాకు చారు సహించలేదు.

విచారణ రోజున కలెక్టరాఫీసుకి వెళ్ళేసరికి వరండాలో కాలు పెట్టే చోటు లేదు. సాక్షులు ఇద్దరు చాలని నోటీసులో రాశారు. రెండు ఆటోల్లోనూ ఒక చేపల వ్యానులోనూ వీధంతా దిగింది. మంగలి తన షాపు మూసేసి వచ్చాడు. కిరాణా కొట్టతను వచ్చాడు. ఇస్త్రీ అతను పెట్టె ఆర్పడం మర్చిపోయి వచ్చానని మధ్యలో లబోదిబోమంటూ వెళ్ళిపోయాడు. చేపల వ్యాను వాసన కలెక్టరాఫీసంతా తిరిగింది. భర్త ఆ సమయానికి ఎక్కడో నడిసముద్రంలో ఉన్నాడు.

విచారణ చేసే అధికారిణి చిన్న వయసు, వేరే జిల్లా మనిషి. మాట మెత్తన, చూపు పదును. నా రిపోర్టు చేతిలో పట్టుకుని అత్తగారిని అడిగింది.

"మీరందరూ అప్పుడు వీధిలో విదేశీయులెవరూ లేరన్నారు. ఇవాళ ఈమె పదేళ్ళుగా ఉంటోందంటున్నారు. ఇందులో ఏది అబద్ధం?"

"ఏదీ అబద్దం కాదమ్మా," అంది అత్తగారు. ముందే నూరుకుని వచ్చినట్టుంది. "ఈ బాబు ఫారినోళ్ళున్నారా అని అడిగేడు. నేరన్నాం. నా కోడలుందా అని అడగనేదు. అడిగుంటే అక్కడే ఉంది, సూపించీవోలం."

వెనకాల వీధంతా తలలూపింది. ఇన్‌స్పెక్టర్ గారు దగ్గు వచ్చినట్టు కర్చీఫు అడ్డం పెట్టుకున్నారు. అధికారిణి నవ్వలేదు. కోడలి వైపు తిరిగింది.

"మిమ్మల్ని కూడా అడిగారట గదా. మీరేం చెప్పారు?"

అత్తగారు చీర చాటు నుంచి కోడలి నడుము గిల్లడం నాకు కనపడింది. అదే మాట నువ్వూ చెప్పు అని. కోడలు ఆ చెయ్యి తప్పించింది.

"నానూ నేరనే అన్నాను మేడం. మా అత్త సెప్పింది ఆల మట్టుకు నిజమే అయుంటాది. నాను సెప్పింది మాత్రం అబద్దం. బయపడిపోయి సెప్పేను. ఏటేటా కాయితాలు పట్టుకొని పోలీసాఫీసు కిటికీ కాడ నిలబడతాను. ఈ ఏడు ఉండనిస్తారా, ఎల్లిపొమ్మంటారా అని. ఇక్కడ నీల్లు అలవాటైపోనాయి, ఎండ అలవాటైపోనాది, మా అత్త నోరు కూడా అలవాటైపోనాది. ఆ బయం మాత్రం అలవాటవనేదు మేడం."

గిల్లిన చేత్తోనే అత్తగారు కోడలి వీపు నిమిరింది. ఆ కిటికీకి ఇవతల కూర్చునేది ఇప్పుడు నేనే.

అధికారిణి పెన్ను తీసింది. "పోలీసు విచారణలో అబద్ధం చెప్పినట్టు మీరే ఒప్పుకుంటున్నారు. నడవడిక అనే కాలమ్‌లో ఇది నేను రాయాల్సి వస్తుంది."

అది రాస్తే అంతే సంగతులని నాకు తెలుసు. ఆమె నిజం చెప్పినందుకు మునగబోతోంది. లేచి నిలబడ్డాను. నేను ధైర్యవంతుణ్ణి కాను. కుర్చీ పట్టుకునే మాట్లాడాను.

"మేడం, ఆమె పోలీసులకి అబద్ధం చెప్పలేదు. నేను పోలీసునని ఎవరికీ చెప్పలేదు. బజ్జీలు తినడానికొచ్చిన ఎవడో ముక్కూ మొహం తెలియనివాడికి చెప్పింది. ఇంట్లో ఆడపిల్ల గురించి దారినపోయేవాడు అడిగితే నేనైనా అలాగే చెబుతాను. ఆమె ఫోటో ఆ రోజు నా జేబులోనే ఉంది, తీసి చూడలేదు. ఆమె చేతి బజ్జీలు తిని, ఆమె అక్కడ లేదని రాసింది నేను. నిస్సందేహంగా అన్న మాట కూడా నాదే. తప్పు రాయాలంటే నా పేరు పక్కన రాయండి."

అధికారిణి పెన్ను మూసింది. "ఎన్ని తిన్నారు?"

"ఆరు మేడం."

"ఏడు!" అంది వెనక నుంచి అత్తగారు. "అరిటికాయది ఒకటి కొసరేసేను."

అప్పుడు మాత్రం అధికారిణి ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ ఫైలు కాసేపు అలా కదులుతూనే ఉంది. దించేసరికి మొహం మళ్ళీ ప్రభుత్వంలా అయిపోయింది. విచారణ మళ్ళీ చేయమని, ఈసారి యూనిఫాంలో, ఫోటో చేత్తో పట్టుకుని చేయమని ఉత్తర్వు ఇచ్చింది. నాకు మెమో కూడా ఇచ్చింది. దాని నకలు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. నాకొచ్చిన ప్రశంసాపత్రాలకి చెదలు పట్టాయి గానీ దానికి పట్టలేదు.

రెండోసారి విచారణకి వెళితే వీధిలో పండగే. ఇద్దరు సంతకం పెడితే చాలంటే వినరు. అందరూ లైను కట్టారు. మంగలి అతను ఆమె నడవడిక గురించి అరగంట చెప్పాడు. వచ్చిన కొత్తలో ఆమె డాబా మీద కుండలో నెత్తళ్ళనే చిన్న చేపలు ఉప్పేసి ఊరబెట్టిందట. ఆ వాసనకి ఎక్కడో పందికొక్కు చచ్చిందని వీధంతా మూడు రోజులు కాలవలు వెతికారట. ఆ కుండలోంచి తీసిన నీళ్ళు కూరలో ఒక చుక్క వేసుకుని చూశాక, ఇప్పుడు ఇంటింటికీ ఒక సీసా. ఒక ముసలామె మాత్రం, "మంచిదే గానీ, కుళాయి కాడ లైను తప్పేత్తాది" అంది. అది కూడా రాశాను. అన్నీ మంచే రాస్తే ఎవరూ నమ్మరు.

ఫైలు కదిలింది. పైనుంచి ఉత్తరం వచ్చింది: పౌరసత్వం ఇస్తాం, ముందు సొంత దేశపు పౌరసత్వం వదులుకున్నట్టు కాయితం తెమ్మని. ఆమె పాస్‌పోర్టు వాళ్ళ దేశం వాళ్ళకి పంపించేసింది. అక్కడిది పోయింది, ఇక్కడిది ఇంకా రాలేదు. ఆ మధ్యలో కొన్ని వారాలు కాయితం ప్రకారం ఆమెకి ఏ దేశమూ లేదు. ఈ సంగతి నేను వివరించి చెబితే కోడలి మొహం పాలిపోయింది. అత్తగారు మాత్రం, "ఏ దేశమూ కాకపోతే పోనీలే, కంచరపాలెం ఉంది గదా" అని తేల్చేసింది.

చివరికి ఆ కాయితమూ వచ్చి, ఆమె పౌరసత్వ ప్రమాణం చేసిన రోజు భర్త కూడా వచ్చాడు. ఆజానుబాహువు, ఓడ ఇంజిన్లు విప్పి బిగించే మనిషి, గోడ వైపు తిరిగి ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. రాజ్యాంగానికి కట్టుబడి ఉంటానన్న మాటలు తడబడకుండా చదివింది. బయటికొచ్చాక అత్తగారు నా చేతిలో బజ్జీల పొట్లం పెట్టింది. లెక్క పెట్టుకోకుండా తిన్నాను.

ఇక్కడితో ఆపేస్తే మీకు బాగుంటుంది. కానీ ఆ తర్వాత జరిగింది ఒకటుంది. దాని కోసమే ఇదంతా రాశానేమో.

నా సర్వీసులో చివరి నెల. ఒక మధ్యాహ్నం అత్తాకోడళ్ళు సెక్షన్‌కి వచ్చారు. వెంట ఇంకొక ముసలామె. తెల్లటి జుట్టు, ముడతల మొహం, అవే గుండ్రటి చెంపలు. కోడలి తల్లి. ఇన్నేళ్ళ తర్వాత కూతుర్ని చూడ్డానికి వియత్నాం నుంచి ముందు రోజే దిగింది. వరండా బల్ల మీద వియ్యపురాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఈవిడ తెలుగులో, ఆవిడ వాళ్ళ భాషలో, ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకుంటున్నారు. ఒకరి మాట ఒకరికి ఒక్క ముక్క తెలియదు, ఒక్క క్షణం ఆగిందీ లేదు. మధ్యలో ఈవిడ, "ఇంద ఒదినా" అంటూ తన కొప్పులోంచి మల్లెపూలు సగం తుంచి ఆవిడ తెల్ల జుట్టులో పెట్టింది.

ఎవరింటికైనా విదేశీయులొచ్చి ఉంటే, ఆ ఇంటివాళ్ళు మా సెక్షన్‌కి ఒక ఫారం నింపి ఇవ్వాలి. ఇప్పుడవన్నీ కంప్యూటర్లోనే చేస్తారు. అయినా ముందు కాయితం మీద రాయించుకోవడం మా అలవాటు. ఫారం కోడలి ముందు పెట్టాను. ఇంటి యజమాని పేరు అన్నచోట ఆమె తన పేరు రాసుకుంది. జాతీయత అన్నచోట భారతీయురాలు అని రాసింది. ఆ మాట రాసేటప్పుడు ఆమె మొహం వెలిగిపోవడం చూశాను. పదేళ్ళు కిటికీ అవతల నిలబడిన మనిషి. నాకూ గర్వంగా అనిపించింది.

కింది గడి దగ్గర పెన్ను ఆగింది.

"ఇక్కడేటి రాయాలి బాబూ?"

"విదేశీయురాలి పేరమ్మా. మీ అమ్మగారి పేరు రాయండి," అన్నాను.

ఆమె ఆ అచ్చు అక్షరాల కింద వేలు పెట్టుకుని చదువుకుంది. తలెత్తి వరండాలో మల్లెపూలు పెట్టుకుని నవ్వుతున్న ముసలామెని చూసింది. మళ్ళీ కాయితం చూసింది. ప్రమాణం చేసిన రోజు రాని నీళ్ళు ఆమె కళ్ళలో ఇప్పుడు నిండాయి.

"మా అమ్మ ఫారినరా బాబూ?"

ఆ సెక్షన్‌లో ఎవరే ప్రశ్న అడిగినా ఠకీమని రూలు చెప్పేవాణ్ణి. దీనికీ రూలుంది. అవును అన్న ఒక్క మాటే. ఫారం నా వైపు లాక్కుని, ముసలామె పేరు అడిగి తెలుసుకుని, ఆ గడి నేనే నింపాను.